నిప్పులమీది వంట: వనభోజనములకు కొన్ని సూచనలు

మన వంటయిండ్లలో కట్టెలపొయ్యి కనుమరుగై చాలకాలమైనది. నేడు పట్టణములలో మర త్రిప్పినంతనే నీలిమంట లేచును. మరల త్రిప్పినంతనే అణగిపోవును. ఇందువలన మన స్త్రీలకు పొగబాధ తప్పినది. కన్నులకును ఊపిరితిత్తులకును మేలు కలిగినది. ఆ మేలును కాదని పాతపొయ్యిని మరల ఇంటికి తెచ్చుకొనుమని చెప్పుట అవివేకము. అయితే దీనితోపాటు ఒక లోపమును ఏర్పడినది. పండ్రెండేండ్లు నిండిన బాలబాలికలకు సైతము నిప్పు నెట్లు రాజేయవలెనో, ఎట్లు అదుపులో నుంచవలెనో, పని తీరిన పిదప ఎట్లు చల్లార్పవలెనో తెలియదు. నిప్పును ఎరుగని పిల్లవాడు దానికి మితిమీరి భయపడును, లేదా అసలే భయపడడు. రెండును అపాయకరములే.

పాఠశాలల వనభోజనము ఈ లోపమును తీర్చుటకు తగిన అవకాశము. కాని ఇటీవల పెక్కుచోట్ల భోజనము పట్టణమునుండియే డబ్బాలలో వచ్చుచున్నది. పిల్లలు చెట్లనీడను కూర్చుండి దానిని తిని మరలి వచ్చుచున్నారు. తామే కట్టెలు ఏరి, తామే పొయ్యి పెట్టి వండుకొన్న అన్నము రుచియు వేరు, అందువలన కలుగు శిక్షణయు వేరు. పిల్లల వెంట వెళ్ళు తల్లిదండ్రులకు ఉపయోగపడునట్లు ఆరుబయటి వంటయొక్క పద్ధతిని, కొన్ని సులభములైన వంటకములను ఇచట వివరింపబడుచున్నది.

కాలము, స్థలము

తెలుగునాట కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట ఆచారము. వానలు వెనుకపట్టి, గడ్డి ఇంకను పూర్తిగా ఎండక, ఎండ మెత్తబడు ఆ దినములు ఆరుబయటి వంటకు మిక్కిలి అనుకూలములు. కాని మనవారు నివసించు ప్రాంతములన్నిటికిని ఒకే కాలము సరిపడదు. తమిళనాట ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరునుండి డిసెంబరువరకు పడును. యానాం వంటి తీరప్రాంతములలో ఆ నెలలందు తుపానుల భయము కలదు. అట్టిచోట్ల జనవరి, ఫిబ్రవరి మాసములు మేలు. ఒడిశాలో చలికాలమున జరుపుకొను వనభోజి, మహారాష్ట్రమున పచ్చిజొన్నకంకులను పిడకల నిప్పుపై కాల్చి తిను హుర్డా విందు, తమిళనాట పిల్లలు తలకొక పిడికెడు బియ్యమును పప్పును తెచ్చి కలిపి వండుకొను కూట్టాంజోరు, ఇవి యన్నియు మన వనభోజనమునకు తోబుట్టువులే. ఏ ప్రాంతమునందైనను మార్చి గడచిన పిదప ఆరుబయట నిప్పు పెట్టకుండుట మంచిది. అప్పటికి ఆకులు, గడ్డి ఎండి, ఒక్క నిప్పురవ్వకే అంటుకొనును.

రక్షితారణ్యములలో అనుమతి లేనిదే నిప్పు రాజేయుట చట్టవిరుద్ధము. కావున తెలిసినవారి తోటయో, కోసిన పొలమో, పాఠశాలకు చెందిన ఖాళీస్థలమో చూచుకొని, యజమాని అనుమతిని ముందుగనే పొందవలెను. ఉసిరి నీడను కూర్చుండి భుజింపవచ్చునుగాని ఆ చెట్టు క్రిందనే పొయ్యి పెట్టరాదు. సెగకు ఆకులు కమలును, వేళ్ళు చెడును. గడ్డివాములు, పాకలు గాలివాలున లేకుండ చూచుకొనవలెను. పొయ్యి పెట్టుచోట పదియడుగుల మేర ఎండుటాకులను, గడ్డిని ఊడ్చివేసి, నేలమట్టి కనబడునట్లు చేయవలెను.

పొయ్యి, కట్టెలు

మూడురాళ్ళ పొయ్యికి మించిన సులభసాధనము లేదు. సమానమైన ఎత్తుగల మూడు రాళ్ళను ముక్కోణముగ నుంచి, గాలి వచ్చు దిక్కునకు కట్టెలు పెట్టు నోటిని ఉంచవలెను. ఈ రాళ్ళు పొడినేలనుండి తెచ్చినవై యుండవలెను. వాగులోనుండియో ఏటిలోనుండియో తీసిన రాళ్ళలో నీరు ఇంకియుండును. ఆ నీరు వేడికి ఆవిరియై రాతిని ఒక్కసారిగ పగులగొట్టును. ఆ ముక్కలు ఎగిరి కన్నులకు తగులుటయు కలదు. రాళ్ళకు బదులు ఇటుకలు వాడినను బాగుగనుండును.

నిప్పు రాజేయుటకు కట్టెలు మూడు తరగతులుగ సిద్ధపరచుకొనవలెను. మొదటిది అంటుకొనునది: కొబ్బరిపీచు, ఎండిన తాటాకు. రెండవది పెన్సిలు మందము మొదలు బొటనవ్రేలి మందమువరకు ఉండు చితుకులు. మూడవది మణికట్టు మందముగల ఎండుకట్టెలు. తుమ్మ, సర్కారు తుమ్మ, సరుగుడు, చింత మొదలగువాని కట్టెలు గట్టివి. వాని నిప్పులు చాలసేపు నిలుచును. కొబ్బరిమట్టలు, వెదురు త్వరగా మండి త్వరగా బూడిదయగును. అవి రాజేయుటకు మాత్రమే పనికివచ్చును. గన్నేరు విషవృక్షము. దాని కట్టెను పొయ్యిలో పెట్టరాదు, దాని పుల్లతో ఆహారమును గ్రుచ్చి కాల్చనురాదు. జెముడుజాతి మొక్కల పాలును కన్నులకు హానికరము. రంగు వేసిన పలకలు, పాత సామానుల చెక్కలు, ప్లాస్టిక్కు సంచులు పొయ్యిలోనికి రానీయరాదు. కిరసనాయిలుగాని పెట్రోలుగాని పోసి మంట లేపుట మిక్కిలి ప్రమాదము. అది పెద్దలు చేయుట చూచియే పిల్లలు నేర్చుకొందురు.

మంటకును నిప్పుకును భేదము

ఆరుబయటి వంటలో చెడిపోవు పదార్థములలో ఎక్కువభాగము ఒకే కారణమున చెడును: మంట ఎగసిపడుచుండగనే గిన్నెను ఎక్కించుట. పైభాగము మాడును, లోపల పచ్చిగ నుండును, గిన్నె మసిబారును, వండువారి కన్నులు ఎర్రబడును.

కట్టె కాలునపుడు మొదట అందలి తేమ ఆవిరియై పోవును. పిదప వేడికి కట్టెనుండి వాయువులు వెలువడి మండును. మనము చూచు మంట అదియే. మండక తప్పించుకొన్నది పొగ యగును. ఆ వాయువులు వెడలిన తరువాత మిగులునది బొగ్గు. అది మంటగాని పొగగాని ఎక్కువ లేక, ఎర్రగ కణకణలాడుచు నిలుకడయైన సెగ నిచ్చును. వంటకు కావలసినది ఈ సెగయే. నీరు మరగించుటకు, ఎసరు పెట్టుటకు మంట ఉపయోగపడును. ఉడికించుటకు, కాల్చుటకు, మగ్గబెట్టుటకు నిప్పులే కావలెను.

కనుక అనుభవము గలవారు రెండు పొయ్యిలను ఏర్పరతురు. ఒకదానిలో కట్టెలు ఎడతెగక మండుచుండును. దానినుండి నిప్పులను పొడవుకాడగల ఇనుపపారతో తీసి, వంట జరుగు రెండవపొయ్యిలో వేయుదురు. గట్టికట్టెలు నిప్పులగుటకు ముప్పావుగంటనుండి గంటవరకు పట్టును. పిల్లలు పన్నెండుగంటలకు భుజింపవలెనన్నచో పొయ్యిని పదిగంటలకు ముందే రాజేయవలెను. ఈ ఒక్క విషయమును మరచుటవలననే అనేక వనభోజనములలో మూడుగంటలకు విస్తళ్ళు వేయుట తటస్థించును.

నిప్పుల వేడిని కనుగొనుటకు అరచేతికంటె మంచి కొలమానము లేదు. పెద్దలు నిప్పులకు జానెడెత్తున అరచేతిని పట్టి, సెకనుకొక అంకె చొప్పున లెక్కింపవలెను. రెండు మూడంకెలలో చేయి తీయవలసివచ్చిన అది తీవ్రమైన వేడి, వేపుడునకు తగును. నాలుగైదంకెలు తాళగలిగిన మధ్యమము; పులగము, కూరలకు తగును. ఆరునుండి ఎనిమిది వరకు తాళగలిగిన మందము. రొట్టెలకు, మగ్గబెట్టుటకు తగును.

పైన నిప్పు, క్రింద నిప్పు

అమెరికాలో ఆరుబయటి వంటకు పేరుపొందిన పాత్ర యొకటి కలదు. దానిని డచ్ ఓవెన్ అందురు. అది మందమైన పోతయినుప పాత్ర. క్రింద మూడు పొట్టికాళ్ళు, పైన అంచు ఎత్తుగ నున్న బరువైన మూత దాని గుర్తులు. కాళ్ళ నడుమ నేలపై కొన్ని నిప్పులు, మూతపై అంచులోపల మరికొన్ని నిప్పులు ఉంచుదురు. అట్లు రెండువైపుల సెగ తగులుటచే ఆ పాత్ర చిన్న కొలిమివలె పనిచేయును. దానిలో రొట్టెలు సైతము కాలును. ఆబ్రహాం డార్బీ అను ఆంగ్లేయుడు ఇసుక అచ్చులలో ఇనుపపాత్రలు పోతపోయు విధానమునకు 1707లో హక్కుపత్రము పొందెను. అటువంటి పాత్రలు అమెరికాకు వలసపోయినవారి వెంట వెళ్ళినవి. 1866లో టెక్సాసునందు చార్లెస్ గుడ్‌నైట్ అనునాతడు పశువులమందలను తోలు కాపరులకై వంటబండిని ఏర్పరచినపుడు ఈ పాత్రయే అందు ముఖ్యసాధనమయ్యెను. 1997లో యూటా రాష్ట్రమువారు దీనిని తమ రాష్ట్రపు వంటపాత్రగ ప్రకటించిరి.

దీని వాడుకకు వారు పెట్టుకొన్న లెక్క తెలిసికొనదగినది. పాత్ర అడ్డుకొలత పండ్రెండంగుళములైనచో, అచ్చుబొగ్గుబిళ్ళలు దానికి రెట్టింపు, అనగా 24 తీసికొందురు. రొట్టె కాల్చుటకు పండ్రెండుకు మూడు కలిపి 15 మూతపైనను, మూడు తీసివేసి 9 క్రిందను ఉంచుదురు. అట్లుంచినచో లోపల సుమారు 175 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నిలుచును. కూర ఉడికించుటకు ఇందుకు విపర్యయముగ క్రింద ఎక్కువ, పైన తక్కువ వేయుదురు. పావుగంటకొకసారి పాత్రను ఒకవైపునకు, మూతను ఎదురువైపునకు పావువంతు చొప్పున త్రిప్పుచుండిన ఒకచోట మాడుట జరుగదు.

పైన నిప్పు వేయు ఈ కిటుకు మనకు క్రొత్తది కాదు. కోస్తాజిల్లాలలో దిబ్బరొట్టెను మందమైన మూకుడులో పోసి, మూతపై నిప్పులు వేసి కాల్చుట పెద్దలందరు ఎరిగినదే. ఒడిశాలో రజపండుగకు చేయు పొడపిఠాను అరటాకులలో చుట్టి, సన్నని సెగపై చాలసేపు కాల్చుదురు. హైదరాబాదు బిర్యానీని పిండితో మూత అతికించి, పైన క్రింద నిప్పులుంచి దమ్ము పెట్టుదురు. అరకులోయ ప్రాంతపు గిరిజనులు పచ్చివెదురు బొంగులో మాంసమును కూరి, ఆకులతో మూసి, నిప్పులపై త్రిప్పుచు వండుదురు; అక్కడ బొంగే పాత్ర, బొంగే మూత. గోదావరి డెల్టాలో తేగలను కుండలో పేర్చి, కుండను బోర్లించి, చుట్టును ఎండుటాకులు కాల్చి తంపట వేయుదురు. సాధనములు వేరైనను వీనియందలి సూత్ర మొక్కటే: సెగను మూసిపట్టి, అన్నివైపుల సమముగ తగులనిచ్చుట.

డచ్ ఓవెన్ దొరకనివారు మందమైన ఇనుపమూకుడును తీసికొని, కొంచెము గుంటగల ఇనుపపెనమును దానికి మూతగ వాడవచ్చును. నిప్పులు పెనము గుంటలో నిలుచును. ఇనుపపాత్రలో చింతపండు, టమాటా మొదలగు పులుపుపదార్థములను చాలసేపు ఉంచరాదు. వేడిగనున్న పోతయినుప పాత్రపై చన్నీరు పోసిన అది పగులును. కడిగిన వెంటనే తడి తుడిచి, సన్నముగ నూనె రాసి ఉంచినచో తుప్పు పట్టదు. ఇతరపాత్రలను పొయ్యి ఎక్కించుటకు ముందు వెలుపల బంకమట్టిని పలుచగ పూసినచో, తోమునపుడు మసి మట్టితోపాటు సులభముగ ఊడివచ్చును.

కొన్ని సులభములైన వంటకములు

క్రింది కొలతలు పదిమందికి సరిపోవును. గ్లాసు అనగా 200 మిల్లీలీటర్లు పట్టునది.

చిలగడదుంపలు, మొక్కజొన్నపొత్తులు: పొయ్యి రాజుకొన్న తరువాత మొదట చేయదగినవి ఇవి. వంట సిద్ధమగులోపల పిల్లల ఆకలి తీరును. నడితరపు దుంపలను కడిగి, తుడిచి, నిప్పులను ప్రక్కకు తీసి, వేడిబూడిదలో కప్పి, పైన కొన్ని నిప్పులు వేయవలెను. అరగంటనుండి ముప్పావుగంటలో పుల్ల సులభముగ దిగును. పొత్తులను తొక్కతోనే పావుగంటసేపు నీట నానవేసి, నిప్పులపై త్రిప్పుచు ఇరువది నిమిషములు కాల్చవలెను. తొక్కలోని తడి ఆవిరియై గింజలను ఉడికించును. పైతొక్క మాడినను లోపల చెడదు.

కాల్చిన వంకాయ పచ్చడి: పెద్దవంకాయలు ఒక కిలో తీసికొని, పురుగు లేదని చూచి, నూనె రాసి, కత్తిమొనతో నాలుగుచోట్ల గాటు పెట్టవలెను. గాటు పెట్టనిచో లోపలి ఆవిరికి కాయ చిట్లి వేడిగుజ్జు మీద పడవచ్చును. నిప్పులపై త్రిప్పుచు తొక్క నల్లబడి కాయ మెత్తబడువరకు కాల్చి, చల్లారిన పిదప తొక్క తీసి మెదుపవలెను. ఎనిమిది పచ్చిమిరపకాయలను అట్లే కాల్చి, ఉప్పు, నిమ్మకాయంత చింతపండు గుజ్జు, కొత్తిమీర చేర్చి నూరి, వంకాయతో కలిపి, సన్నగ తరిగిన ఉల్లిపాయలు రెండు వేసి, ఆవాలు, మినపపప్పు, ఇంగువతో తిరగమోత పెట్టవలెను.

పెసరపప్పు పులగము: బియ్యము 4 గ్లాసులు, దోరగ వేయించిన పెసరపప్పు 2 గ్లాసులు, నీరు 24 గ్లాసులు, మిరియాలు 2 చెంచాలు, జీలకర్ర 2 చెంచాలు, అల్లము కొంచెము, కరివేపాకు, నేయి అరగ్లాసు, తగినంత ఉప్పు. పదిలీటర్లు పట్టు గిన్నెలో 20 గ్లాసుల నీటితో ఎసరు పెట్టి, మిగిలిన నీటిని వేరుగ కాచి ఉంచుకొనవలెను. ఎసరు తెర్లినంతనే కడిగిన బియ్యమును పప్పును వేయవలెను. మరల పొంగు వచ్చినపుడు మండుచున్న కట్టెలను వెనుకకు లాగి, నిప్పులపై మాత్రమే ఉడుకనీయవలెను. అడుగంటకుండ తెడ్డుతో కలుపుచు, గట్టిపడిన కొలది కాచిన నీరు చేర్చుచుండవలెను. ఇరువదియైదు నిమిషములలో మెతుకు మెత్తబడును. అప్పుడు ఉప్పు చేర్చి, నేతిలో మిరియాలు, జీలకర్ర, అల్లము, కరివేపాకు వేయించి కలిపి, మూత పెట్టి, మూతపై పిడికెడు నిప్పులుంచి పదినిమిషములు మగ్గనీయవలెను. గిన్నెను దింపునపుడు ఇద్దరు పెద్దలు తడిపి పిండని పొడిగుడ్డలతోనే పట్టుకొనవలెను; తడిగుడ్డ గుండ వేడి త్వరగ చేతికి తగులును.

దిబ్బరొట్టె: మినపపప్పు 2 గ్లాసులు, బియ్యపురవ్వ 4 గ్లాసులు, జీలకర్ర, ఉప్పు, నూనె. పప్పును నాలుగైదుగంటలు నానవేసి, గట్టిగ రుబ్బి, కడిగి పిండిన రవ్వను కలిపి, ఇంటనుండియే తీసికొనిపోవుట సులభము. రుబ్బిన నాలుగుగంటలలోపల వాడినచో పులియదు. మూకుడులో నాలుగు చెంచాల నూనె వేడిచేసి, రెండంగుళముల మందమున పిండి పోసి, మూత పెట్టవలెను. నిప్పులు మూడువంతులు చేసి, రెండువంతులు మూతపైన, ఒకవంతు క్రింద ఉంచవలెను. ఇరువది లేక ఇరువదియైదు నిమిషములకు పైభాగము ఎర్రబడి, అంచులు మూకుడును విడుచును. పుల్ల గ్రుచ్చి తీసినపుడు పిండి అంటనిచో కాలినట్లే. మూత తీయునపుడు బూడిద రొట్టెపై రాలకుండ పట్టకారుతో నిలువుగ ఎత్తి ప్రక్కకు తీయవలెను. ఈ కొలతకు మూడు నాలుగు రొట్టెలగును. బెల్లపుపాకముతోను, ఆవకాయతోను తినవచ్చును. పైభాగము పెనముపై త్రిప్పి వేయకయే ఎర్రబడుట చూచినపుడు, మూతపై నిప్పు చేయు పని యేమో పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు.

కర్రరొట్టె: ఇది స్కౌటు బాలుర వంటకము. 1907లో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ జరిపిన తొలి శిబిరముతో ప్రారంభమైన ఆ ఉద్యమము మన దేశమున 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఏకసంస్థగ రూపొందినది. పాత్రలు లేకుండ వండుట స్కౌటులు నేర్చు విద్యలలో నొకటి. గోధుమపిండి 4 గ్లాసులు, నూనె 4 చెంచాలు, చక్కెర 2 చెంచాలు, ఉప్పు వేసి గట్టిగ కలిపి, ఇరువది నిమిషములు నాననీయవలెను. పిండిని వ్రేలిమందపు త్రాడుగ చేసి, బెరడు తీసిన మామిడి లేక చింతకొమ్మకు చుట్టి, నిప్పులకు జానెడు దూరమున త్రిప్పుచు పదునైదు నిమిషములు కాల్చవలెను. వేపపుల్లకు చుట్టిన రొట్టె చేదెక్కును. కాలిన రొట్టె కర్రనుండి సులభముగ జారివచ్చును. ఆ బెజ్జములో నేయి, బెల్లము నింపి ఇచ్చినచో పిల్లలు మరియొకటి అడుగకమానరు. తొందరపడి నిప్పులకు దగ్గరగ పట్టినవాని రొట్టె పైన మాడి లోపల పిండిగనే యుండును. ఓపికతో త్రిప్పినవానిది బంగారువన్నె కెక్కును. ఎవరికి వారే తెలిసికొందురు.

వండిన పదార్థములను రెండుగంటలలోపల తినివేయుట మంచిది. ఎండవేళ అన్నము, పులగము చాలసేపు నిలువయుంచిన చెడి, కడుపునొప్పికి వాంతులకు కారణమగును.

పిల్లల పనులు, పెద్దల జాగ్రత్తలు

పిల్లలను ఎనిమిది పదిమంది గల దళములుగ విభజించి, ఒక్కొక్క దళమునకు నిప్పు వద్దనే ఉండి ఎచటికిని కదలని ఒక పెద్దను నియమింపవలెను. ఎనిమిదేండ్లలోపువారు చితుకులు ఏరుట, కూరలు కడుగుట, విస్తళ్ళు వేయుట చేయుదురు. పదునొకండేండ్ల వరకు గలవారు పిండి కలుపుట, పొడవుకర్రతో రొట్టె కాల్చుట చేయవచ్చును. అంతకు పైబడినవారు పెద్దల యెదుట పొయ్యి రాజేయుట, నిప్పులు సవరించుట నేర్చుకొనవలెను. మగపిల్లలు కట్టెలకు, ఆడుపిల్లలు గిన్నెలకు అను విభజన వలదు. ఇరువురును రెండు పనులును నేర్వవలెను.

ఆనాడు అందరు నూలుబట్టలు ధరింపవలెను. నైలాను, పాలియెస్టరు బట్టలు కరగి చర్మమునకు అంటుకొనును. ఓణీలు నడుమునకు దోపి, జడలు ముడిచి, కాళ్ళకు చెప్పులు తొడుగవలెను. ప్రతిపొయ్యి వద్దను ఒక బకెట్టు నీరు, ఒక బకెట్టు ఇసుక ఉండవలెను. బట్టలంటుకొన్నచో పరుగెత్తరాదనియు, నిలిచి, నేలపై పడి, దొర్లవలెననియు ముందే పిల్లలచే అభ్యాసము చేయింపవలెను. కాలినచో గాజులు, ఉంగరములు తీసివేసి, ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద ఉంచి, శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. సిరా, పండ్లపొడి, పసుపు, వెన్న, మంచుగడ్డ ఏదియు పెట్టరాదు. బొబ్బలు పెద్దవైనను, ముఖముగాని చేతులుగాని కాలినను వెంటనే 108కి ఫోను చేయవలెను.

రాత్రి శిబిరము వేయువారు మరొక విషయము గుర్తుంచుకొనవలెను. చలికని నిప్పులకుంపటిని గుడారములోనికి, మూసిన గదిలోనికి తీసికొనిపోరాదు. నిప్పులనుండి రంగు, వాసన లేని విషవాయువు వెలువడును. నిద్రించువారికి అది తెలియకయే ప్రాణాపాయము కలుగును.

చివరి పాఠము

మన పిల్లల తెలుగువాచకములలో పొయ్యిచుట్టు పుట్టిన పలుకుబడులు అనేకములు కలవు. కొరివితో తల గోకికొనుట, పొయ్యిలో పిల్లి లేవకుండుట, ఇంటికి ఎసరు పెట్టుట, నివురుగప్పిన నిప్పు మొదలగువాని అర్థములను పిల్లలు వ్రాసికొని, పరీక్షలో తిరిగి వ్రాయుదురు. కాని కొరివిని, ఎసరును, నివురును చూచినవారు వారిలో కొద్దిమందియే. వేరుభాషల నడుమ పెరుగు పిల్లలకు ఈ మాటలు పుస్తకమునందే మిగిలిపోవుచున్నవి. వనభోజనమునాడు పెద్దలు పనిచెప్పునపుడు ఆయా మాటలనే వాడినచో చాలును: కొరివిని వెనుకకు లాగుము, ఎసరు తెర్లినదేమో చూడుము, గంజి వార్చుము, అడుగంటనీయకుము. మాటయు పనియు ఒకేసారి పిల్లలకు పట్టుబడును.

వీనిలో ఒక్కమాటను మాత్రము ప్రతి దళనాయకుడును తప్పక చూపించి మరలవలెను. భోజనములై, గిన్నెలు తోమి, అందరు బయలుదేరు వేళకు పొయ్యిలో బూడిద తప్ప మరేమియు కనబడదు. అప్పుడు పిల్లలను చుట్టును నిలిపి, ఊదుగొట్టముతో ఒక్కసారి ఊదవలెను. తెల్లని పొర ఎగిరిపోయి లోపల ఎర్రని నిప్పు కనబడును. నివురుగప్పిన నిప్పు అదియే. మట్టి కప్పి వెళ్ళినచో అది గంటలకొలది అట్లే యుండి, మరుసటిదినము చెప్పులు లేక ఆ దారిని వచ్చిన పసివాని కాలిని కాల్చగలదు. గాలి లేచిన తోటనే తగులబెట్టగలదు. కావున నీరు పోసి, కర్రతో కలిపి, మరల నీరు పోసి, బుసబుసమను చప్పుడు పూర్తిగా ఆగువరకు ఆర్పవలెను. పిదప పెద్దవారు ముంచేతి వెలుపలివైపును బూడిదకు దగ్గరగ పట్టి చూచి, వేడి లేదని తేలిన తరువాతనే రాళ్ళను తీసి యథాస్థానమున ఉంచి, ఆకులను చెత్తను ఏరుకొని బయలుదేరవలెను.